తెల్ల రక్తకణాల మీద పరిశోధన అంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ పూర్తిచేసింది. తెల్ల రక్తకణాల్లో కాల్షియం సంకేతాల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువుల పిల్లలంతా ఏఐ, బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లారు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అమ్మా, మీరు పోలిక అడిగారు గానీ, ఇంత చిన్న అంశం పట్టుకుంటే పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనన్నదే మీ భయం. అంశం చిన్నదేం కాదు. విశ్రాంతిలో ఉన్న టి కణం (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం) లోపల కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్, అంటే బాగా తక్కువ. బయట దానికి పదివేల రెట్లు. కణం పైనున్న గ్రాహకానికి యాంటిజెన్ (సూక్ష్మజీవి లాంటి పరాయి పదార్థపు ముక్క) తగిలితే ఐపీ3 అనే సంకేత అణువు పుట్టి, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే కణభాగంలోని కాల్షియం నిల్వ ఖాళీ అవుతుంది. అది పసిగట్టిన స్టిమ్1 అనే ప్రోటీన్, కణపొరలోని ఓరాయ్1 ఛానల్‌ను తెరుస్తుంది. లోపలికొచ్చిన కాల్షియం కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను మేల్కొల్పి రోగనిరోధక స్పందనను నడిపిస్తుంది. అవయవ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు అడ్డుకునేది సరిగ్గా ఈ ఎంజైమ్‌నే. ఓరాయ్1 చెడితే పుట్టుకతోనే తీవ్రమైన రోగనిరోధక లోపం వస్తుందని 2006లో తేలింది. మందుల పరిశ్రమకు అక్కర్లేని చదువా ఇది?

బయోఇన్ఫర్మాటిక్స్‌ను తీసిపారేయను. నా అనుమానమంతా ఆరునెలల కోర్సుల మీదే. ఎవరో ఇచ్చిన డేటాను రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో వేయడం నేర్పి పంపేస్తారు. గ్రాఫ్ ఎందుకు అబద్ధమాడుతోందో చెప్పేవారుండరు. గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబులో తీసిన రక్తంలోని కణాల్ని సరిగా కడగకపోతే, మిగిలిన ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఛానల్ తెరుచుకున్నా సిగ్నల్ లేవదు. కాల్షియం తగిలితే వెలిగే ఫ్లూవో-4 రంగు ఒక కణంలోకి ఎక్కువ దిగితే కాల్షియమే ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. ఫ్యూరా-2 అనే మరో రంగుతో, 340, 380 నానోమీటర్ల కాంతుల్లో వచ్చే వెలుగుల నిష్పత్తి తీస్తే ఈ మోసం చాలావరకు తప్పుతుంది. రంగు ఎక్కువసేపు నానితే కణాంగాల్లోకి చేరిపోతుంది, కొంత బయటికీ కారుతుంది. ఇవన్నీ ల్యాబ్‌లో చేతులు కాలితేనే తెలుస్తాయి.

బంధువుల పిల్లలేం చదువుతున్నారో రాశారు. మీ పిల్లకు ఈ అంశం ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

'కాల్షియం పరిశోధకులు కావలెను' అని ఎవరూ ప్రకటన ఇవ్వరు, నిజమే. ఈ కాల్షియం కొలతకూ వాడే ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే పద్ధతి) వచ్చినవాళ్లు మాత్రం రోగనిర్ధారణ ల్యాబులకు, మందుల పరీక్షలకు, కార్-టి చికిత్స (టి కణాల్ని మార్చి క్యాన్సర్ మీదికి పంపడం) తయారీకి కావాలి. పీహెచ్‌డీ దాకా వెళ్లకపోయినా ఆ పని చేతిలో ఉంటుంది. కాల్షియం లేని ద్రావణంలో థాప్సిగార్గిన్ అనే రసాయనంతో కణంలోని కాల్షియం నిల్వ ఖాళీచేసి, తర్వాత 2 మిల్లీమోలార్ కాల్షియం కలిపే ప్రయోగం ముందు నేర్చుకోమనండి. ఉత్తేజకం వేసేముందు ఒక నిమిషం బేస్‌లైన్ (మామూలు స్థాయి) రికార్డు చేయడం మరవొద్దు. వచ్చిన డేటాను పైథాన్, ఆర్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో తనే విశ్లేషించుకోవాలి. మీరు గొప్పగా చెప్పుకుంటున్న కంప్యూటర్ చదువు అలా కూడా వస్తుంది.

చేరేముందు అక్కడి సీనియర్లను ఒకటడగమనండి: సైటోమీటర్‌ను విద్యార్థులే నడుపుతారా, శాంపిల్ టెక్నీషియన్ చేతికిచ్చి వస్తారా? రెండోదైతే వేరే ల్యాబ్ వెతుక్కోవాలి.