ఆడించని ఆటగాణ్ణి మొదటి రౌండ్‌లోనే ఎందుకు తీసుకుంటారు?

సందేహం: విస్కాన్సిన్‌కి వచ్చి ఏడాది కాలేదు. ఏప్రిల్ వచ్చేసరికి మా ఆఫీసు టీమ్‌లో లంచ్ దగ్గర అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ తప్ప వేరే మాట ఉండటం లేదు. ఐపీఎల్ వేలం తెలుసు గానీ ఇది మాత్రం అంతుపట్టడం లేదు. జట్టుకు ఇప్పుడు కావాల్సినవాణ్ణి వదిలేసి, రెండు మూడేళ్లు కూర్చోబెట్టే కుర్రాణ్ణి తీసుకుంటారట. ఒకాయన దాన్ని తిడతాడు, ఇంకొకాయన మెచ్చుకుంటాడు. ఎవరిది నిజం?

జవాబు: ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా ఏటా వాదించుకునే ప్రశ్నే ఇది. మీరుండేది విస్కాన్సిన్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ అభిమానుల మధ్య కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఐపీఎల్‌లో జేబులో డబ్బున్నంత వరకు ఎవరినైనా పాడుకోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాట ఉండదు. కాలేజీ ఆట ముగించుకున్న కుర్రాళ్లను 32 జట్లు 7 రౌండ్లలో వరసగా ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుది మొదటి వంతు, సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచిన జట్టుది చివరి వంతు. వంతులు అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆటగాడికి మొదటి 4 ఏళ్ల ఒప్పందం, అందులో జీతం ఎన్నో పిక్ (ఎంపిక) అన్నదాన్ని బట్టి దాదాపు ముందే ఖాయం. మొదటి రౌండ్‌వాళ్లను ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకుంటుంది.

అసలు కిటుకు ఆ 4 ఏళ్లలో ఉంది. ఏ జట్టయినా జీతాలకు ఒక పరిమితి దాటకూడదు. 2024లో అది 25 కోట్ల 54 లక్షల డాలర్లు. 53 మందిని ఆ డబ్బులో సర్దాలి. పేరొచ్చిన ఆటగాడు రెండో ఒప్పందానికి వచ్చేసరికి అడిగేది తొలి జీతానికి ఎన్నో రెట్లు. అందరికీ ఇవ్వలేరు. అంటే ఇవాళ బాగా ఆడుతున్నవాళ్లలో కొందరు రెండేళ్లలో వెళ్లిపోతారని యాజమాన్యానికి ముందే తెలుసు. ఆ ఖాళీ ఇంకా కనబడకముందే దాన్ని నింపే మనిషిని తెచ్చి పెట్టుకోవాలి.

ప్యాకర్స్ వైడ్ రిసీవర్లనే, అంటే పరుగెత్తి దూరంగా విసిరిన బంతిని అందుకునేవాళ్లనే చూడండి. 2006లో గ్రెగ్ జెన్నింగ్స్, 2008లో జోర్డీ నెల్సన్, 2011లో రాండల్ కాబ్, 2014లో దవాంటే ఆడమ్స్. నలుగురూ రెండో రౌండ్‌వాళ్లే. జెన్నింగ్స్ 2013లో మిన్నెసోటాకు వెళ్లిపోయే నాటికి నెల్సన్, కాబ్ తయారుగా ఉన్నారు. 2014లో ఆడమ్స్‌ని తీసుకున్నప్పుడు ఆ ఇద్దరూ జట్టులోనే ఉన్నారు, అతని కోసం తొందరేమీ లేదు. 2015లో ఆడమ్స్ చేతికొచ్చిన బంతులు జారవిడిచి ఊరందరి చేత తిట్లు తిన్నాడు. మర్నాటి ఏడు 12 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి తెచ్చే స్కోర్లు) చేశాడు. నెల్సన్ 2018లో, కాబ్ 2019లో వెళ్లిపోయినప్పుడు జట్టు కుదేలవకపోవడానికి కారణం అతనే. డ్రాఫ్ట్ అయిన మర్నాడే పేపర్లో వేసే మార్కులను నేను లెక్కలోకి తీసుకోకపోవడం ఇందుకే.

మీ ఆఫీసులో గొడవ మాత్రం క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆట నడిపించేవాడి దగ్గర మొదలై ఉంటుంది. 2005లో ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్‌కి 35 ఏళ్లు, ఇంకా ఆడుతున్నాడు. అయినా 24వ పిక్‌లో ఆరన్ రాడ్జర్స్‌ని తీసుకుని మూడేళ్లు పక్కన కూర్చోబెట్టారు. 2008లో పగ్గాలిచ్చారు. 2010 సీజన్‌కి సూపర్ బౌల్ వచ్చింది. ఆ రాడ్జర్స్‌కే 36 ఏళ్లున్నప్పుడు, 2020లో, చరిత్ర మళ్లీ జరిగింది. జట్టు అప్పుడే సూపర్ బౌల్‌కి ముందు మెట్టు అయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. రిసీవర్ కావాలని అభిమానులంతా ఎదురుచూస్తుంటే, జనరల్ మేనేజర్ బ్రయన్ గూటెకున్స్ట్ నాలుగో రౌండ్ పిక్ ఒకటి అదనంగా ఇచ్చి మరీ 30 నుంచి 26కి ఎగబాకి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ని తీసుకున్నాడు. రాడ్జర్స్ ఏమో 2020, 2021 రెండేళ్లూ ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. 2021 జనవరిలో సొంత మైదానం లాంబోలో టాంపా బే చేతిలో 31-26తో ఓడిన రోజు, ఆ మొదటి రౌండ్ పిక్‌తో ఒక రిసీవర్ ఉండుంటే అని తలపట్టుకోని ప్యాకర్స్ అభిమాని లేడు.

తిట్టేవాళ్ల వాదనలో ఉన్న బలం అదే. దానికి ఇంకొకటి కలుపుతాను. లవ్ చవకగా దొరికిన 4 ఏళ్లలో 3 ఏళ్లు కూర్చోవడానికే సరిపోయాయి. కాన్సాస్ సిటీ 2017లో 27 నుంచి 10కి ఎగబాకి పాట్రిక్ మహోమ్స్‌ని తీసుకుని ఒక్క ఏడాదే ఆపింది. అతని తొలి ఒప్పందం నడుస్తుండగానే, 2020 ఫిబ్రవరిలో, సూపర్ బౌల్ గెలిచింది. లెక్క ప్రకారం అదే సరైన పద్ధతి.

అయినా నేను గూటెకున్స్ట్ పక్షమే. 2023లో రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్‌కి వెళ్లాక లవ్ 3-6తో (3 గెలుపులు, 6 ఓటములు) తడబడి, చివరికి 9-8తో ప్లేఆఫ్స్‌కి చేర్చి, డాలస్‌ని వాళ్ల మైదానంలోనే 48-32తో ఓడించాడు. 2024లో నాలుగేళ్లకు 22 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. మంచి క్వార్టర్‌బ్యాక్ కోసం పదేళ్లు, ఇరవయ్యేళ్లు వెతుకుతున్న జట్లు ఈ లీగ్‌లో ఉన్నాయి. లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే లాంటి చిన్న ఊరి జట్టు ఆ కరువు చూడకుండా ముగ్గుర్ని మార్చుకుందంటే, రెండు సార్లు అందరి తిట్లకూ సిద్ధపడబట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒప్పందం ముగిసిన మంచి ఆటగాళ్లు బయటికెళ్లి, వాళ్లకు బదులు బయటివాళ్లను తెచ్చుకోకపోతే, లీగ్ మర్నాటి ఏడు 3 నుంచి 7 రౌండ్ల చివర్లో అదనపు పిక్‌లు ఇస్తుంది. పోనివ్వడం కూడా ఒక్కోసారి ప్రణాళికే.

మీకు నా సలహా ఒకటే. ఈసారి లంచ్‌లో మాట వస్తే, "ఆ స్థానంలో ఆడేవాడి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది?" అని అడగండి. ఆటగాళ్ల జీతాలు, గడువులు అన్నీ ఓవర్ ది క్యాప్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పది నిమిషాలు చూస్తే చాలు. డ్రాఫ్ట్ మూడు రోజులు నడుస్తుంది. హడావిడంతా గురువారం మొదటి రౌండ్‌దే. శుక్రవారం 2, 3 రౌండ్లు. పైన చెప్పిన నలుగురు రిసీవర్లూ దొరికింది రెండో రౌండ్‌లోనే కాబట్టి, ఒక్క రోజే తీరిక దొరికితే శుక్రవారం సాయంత్రం చూడండి. పక్కన మీ ఆఫీసులో తిట్టే ఆయన్నీ మెచ్చుకునే ఆయన్నీ కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, ఎవరి గడువు ఎప్పుడో వాళ్లే చెబుతారు.