కల్లు చుక్కలో ఒంటి మొగ్గ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ సెకండియర్. మా ఊరి తాటికల్లు చుక్క ఒకటి కాలేజీ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసాం. ఈస్ట్ కణాలు గుండ్రంగా ఉన్నాయి, కొన్నిటికి పక్కన చిన్న మొగ్గ. ఎంత వెతికినా ఒక్కోదానికి ఒక్కటే మొగ్గ, రెండున్నది కనపళ్ళేదు. బంతిలాగున్నదానికి ఇటూ అటూ అని ఏటి తెలుస్తాది? మేడమ్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.
– ఒక అమ్మాయి, రాజాం

జవాబు: సిలబస్‌లో లేకపోతే ఏటమ్మా, కల్లులో ఉంది గదా. మొగ్గంటే ఈస్ట్ పెట్టే పిల్ల, పెరిగి విడిపోతే అదే కొత్త కణం. నువ్వు చూసిన కణం ఒక మిల్లీమీటర్‌లో రెండొందలో వంతు ఉంటుంది. అందులో మొగ్గ ఎక్కడ రావాలో తేల్చేది సీడీసీ42 అని ఒక చిన్న ప్రొటీన్. జీటీపీ అనే చిన్న అణువుని పట్టుకుంటే ఆన్, దాని తమ్ముడులాంటి జీడీపీని పట్టుకుంటే ఆఫ్ (బడ్జెట్‌లో వచ్చే జీడీపీ కాదులే). దీని గురించి 1990లో పేపర్లు వచ్చాయి, దీన్ని తయారుచేసే జీన్ పాడైన ఈస్ట్‌ని కాస్త వేడిలో పెంచితే మొగ్గ వెయ్యడం మానేసి అలా ఉబ్బిపోతూ ఉంటుంది, లోపల న్యూక్లియస్ మాత్రం తన పని తను చేసుకుపోతుంది, అంటే పెరగడం వచ్చు గానీ ఎటు పెరగాలో తెలీదన్నమాట. మనిషి సీడీసీ42 తీసుకెళ్ళి అలాంటి ఈస్ట్‌లో పెడితే మళ్ళీ మొగ్గ వేస్తుంది, అంత దగ్గర చుట్టరికం మనకీ దానికీ.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఒక్కటే ఎందుకు. మెంబ్రేన్ మీద, అంటే కణం చుట్టూ ఉండే పల్చని పొర మీద, ఎక్కడో ఒకచోట, ఊరికే అదాటున, ఆన్‌లో ఉన్న సీడీసీ42లు నాలుగు ఎక్కువ పోగయ్యాయనుకో. వాటి దగ్గరికి బెమ్1 అనే ప్రొటీన్ వస్తుంది, అది వచ్చేటప్పుడు సీడీసీ24 అనే ఇంకో ప్రొటీన్‌ని వెంటబెట్టుకొస్తుంది, ఈ సీడీసీ24 పనేమో పక్కనున్న సీడీసీ42లని ఆన్ చెయ్యడం, అవి ఆన్ అయితే ఇంకొన్ని బెమ్1లు, వాటితో ఇంకొన్ని సీడీసీ24లు, ఇలా పోగు పెరుగుతూ పోతుంది. కానీ కణంలో ఈ సరుకు లెక్కకే ఉంటుంది. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో రెండు మురీ మిక్చర్ బళ్ళు పక్కపక్కన పెడితే నలుగురు ఎక్కువున్న బండి దగ్గరికే జనం పోయి చివరికి రెండోవాడు ఈగలు తోలుకుంటాడు చూడు, అదే వరస. మొదట్లో రెండు మూడు చోట్ల పోగులు లేస్తాయి, ఒకటో రెండో నిమిషాల్లో ఒకటి మిగతావాటి సరుకంతా లాగేసుకుంటుంది.

మరి ఇదంతా లాటరీయేనా అంటే, కాదు. మామూలు కణంలో పాత గుర్తులుంటాయి. ఒక సెట్టు క్రోమోజోములున్న ఈస్ట్ కిందటి మొగ్గ పక్కనే కొత్తది వేస్తుంది, రెండు సెట్లున్నది రెండు కొసల్లో ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ఆ గుర్తుని చదివి కబురు చేరవేసే ఆర్ఎస్ఆర్1 అనే ప్రొటీన్‌ని తీసేసి చూసారు. మొగ్గ ఎక్కడ పడితే అక్కడ వచ్చింది, అయినా ఒక్కటే వచ్చింది! నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే, చోటు చెప్పేది ఒకళ్ళు, ఒక్కటే అని తేల్చేది ఇంకొకళ్ళు. 2009లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్ళు బెమ్1ని మెంబ్రేన్‌కి అంటించి ఈ పోటీని నెమ్మది చేసారు, అప్పుడు కొన్ని కణాలు నిజంగానే రెండేసి మొగ్గలు వేసాయి. మీ కల్లులో అలాంటిది దొరకదులే.

చోటు ఖాయమయ్యాక అటువైపు ఆక్టిన్ అనే ప్రొటీన్ తీగలు సాగుతాయి, వాటి మీద మయో2 అనే మోటార్ ప్రొటీన్ కొత్త మెంబ్రేన్ సరుకున్న సంచుల్ని మోసుకెళ్ళి మొగ్గలో దించుతుంది, తల్లి సైజు దాదాపు అలాగే ఉండిపోతుంది. తల్లికీ మొగ్గకీ మధ్య మెడ దగ్గర సెప్టిన్లు అనే ప్రొటీన్ల రింగు ఒకటి కట్టుకుంటుంది, మొగ్గలోకి చేరిన ప్రొటీన్లు వెనక్కి జారకుండా. మెంబ్రేన్ అంతా ఒకే నూనెపొర అని మన పుస్తకాల్లో గీస్తారు గానీ, తల్లి కణం మెంబ్రేన్‌లో లోపలికి దిగిన చాళ్ళు కూడా ఉంటాయి, ఒక్కోటి 50 నానోమీటర్ల లోతు, కింద పిల్1 ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. ఐసోజోమ్‌లు అని 2006లో పేరు పెట్టారు. పసి మొగ్గలో ఇవి కనపడవు, కాస్త పెరిగాకే వస్తాయి.

ప్రశ్న: ఈస్ట్ పిల్లల్ని పెట్టి పెట్టి ముసలిదైపోతాదట, నిజమేనాండీ? మాది బేకరీ, పాత ఈస్ట్ ముద్ద వాడితే పిండి పొంగదేమో అని అనుమానం.
– బొబ్బిలి

జవాబు: నిజమేనండీ, ఒక తల్లి సుమారు పాతిక మొగ్గలు వేసాక ఆగిపోతుంది. మొగ్గ విడిపోయిన చోటల్లా కైటిన్ అనే గట్టి పదార్థంతో మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మీద మళ్ళీ మొగ్గ రాదు. పీఎంఏ1 అనే పంపు ప్రొటీన్ తల్లి మెంబ్రేన్‌లోనే ఉండిపోయి పిల్లకి చాలా తక్కువ వెళ్తుంది, పిల్ల ఫ్రెష్‌గా మొదలవడానికి అదొక కారణం. కానీ మీ పిండికి ఈ భయం అక్కర్లేదు. పెరుగుతున్న ఈస్ట్‌లో ఎప్పుడు చూసినా సగం అప్పుడే పుట్టినవే, ఇంకో పావు ఒక్క కాన్పువి, పండు ముసళ్ళు వెతికినా దొరకవు. ముద్ద పనిచెయ్యట్లేదంటే అది ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులుండి కణాలు చచ్చిపోవడం వల్ల. గోరువెచ్చని నీళ్ళలో పంచదార వేసి కలిపి ఓ పావుగంట చూడండి, నురగ రాకపోతే పారెయ్యండి.

ప్రశ్న: తామరకి డాక్టరుగారు ఫ్లూకోనజోల్ రాసారు. ఫంగస్‌ని చంపే మందు మనల్ని ఏం చెయ్యదా సార్?
– టెక్కలి

జవాబు: మన కణాల మెంబ్రేన్‌లో కొలెస్ట్రాల్ ఉంటుంది, ఫంగస్‌కి ఆ స్థానంలో ఎర్గోస్టెరాల్ అని అలాంటిదే ఇంకో కొవ్వు పదార్థం. ఈ మందు ఆ ఎర్గోస్టెరాల్ తయారయ్యే దారిలో ఒక ఎంజైమ్‌ని ఆపేస్తుంది, దాంతో మెంబ్రేన్ దెబ్బతిని ఫంగస్ పెరగడం ఆగుతుంది. అలాంటి ఎంజైమ్ మనకీ ఉంది గానీ దాన్ని ఈ మందు చాలా తక్కువ పట్టుకుంటుంది. పూర్తిగా ఏమీ చెయ్యదని మాత్రం అనను, లివర్ జబ్బున్నా వేరే మందులు వాడుతున్నా గర్భవతులైనా డాక్టరుగారికి ముందే చెప్పాలి. ఇంకోటి, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు రాయకండి, దురద రెండ్రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర ఇంకా పాకుతుంది.