కీలో ఒక జవాబు, వ్యాకరణంలో రెండు

ప్రశ్న: సార్ నమస్తే. ఈమధ్య తెలుగు స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి పరీక్ష రాశాను. అందులో ఒక బిట్ ఇలా ఉంది: ‘కింది వాటిలో సంధి జరగని రూపం ఏది?’ ఆప్షన్లు 1) మేనల్లుడు 2) రాముడతడు 3) అమ్మయిచ్చెను 4) ఏమియంటివి. నేను 4 పెట్టా, ప్రిలిమినరీ కీలో 3 ఇచ్చారు. కోచింగ్ సార్‌ని అడిగితే కీ కరెక్టే వదిలెయ్యమ్మా అన్నారు. మా ఫ్రెండేమో 3, 4 రెండూ యడాగమ సంధులే (మధ్యలో య వచ్చి చేరేవి) కదా అసలు బిట్టే తప్పు అంటోంది. పోయింది అర మార్కే కానీ నాకు పోస్టు ఆ అర మార్కు దగ్గరే ఊగుతోంది. ఆబ్జెక్షన్ పెట్టమంటారా, పెడితే ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: పెట్టండమ్మా, తప్పకుండా పెట్టండి. కాకపోతే ‘కీ తప్పు, నాది కరెక్టు’ అని మాత్రం రాయొద్దు, ఎందుకంటే కీ తప్పు కాదు. మీదీ తప్పు కాదు. గొడవంతా అక్కడే ఉంది.

ముందు 3 సంగతి చూద్దాం. అమ్మ + ఇచ్చెను. అత్తుకి, అంటే మాట చివరి ‘అ’కి, సంధి బహుళంగా (ఒకచోట వస్తూ ఒకచోట రాకుండా) వస్తుందన్నారు బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి గారు, ఆ బహుళంలోనే స్త్రీవాచకాలకి సంధి లేదని పక్కన పెట్టేశారు, కాబట్టి ‘అమ్మిచ్చెను’ అని రాయకూడదు (మనం ఇంట్లో రోజూ అమ్మిచ్చింది అనే అంటాం, ఆ మాట పరీక్షలో చెల్లదులెండి). సంధి లేదు గనకే మధ్యలో య వచ్చి కూర్చుంది.

ఇక మీరు పెట్టిన 4. ఏమి + అంటివి, ఇది ఇత్వం, అంటే మాట చివర ‘ఇ’ ఉంది. ‘ఏమ్యాదుల యిత్తునకు సంధి వైకల్పికముగా నగు’, అంటే ‘ఏమి’ లాంటి మాటల దగ్గర సంధి చేస్తే చెయ్యొచ్చు లేదంటే మానెయ్యొచ్చు, చేస్తే ఏమంటివి, మానేస్తే ఏమియంటివి. పేపర్లో ఇచ్చింది మానేసిన రూపం. దాన్ని సంధి జరగని రూపం అనకపోతే ఇంకేమనాలి? పేపర్ తయారుచేసినాయన బహుశా ‘ఎప్పుడూ సంధి రానిది’ అడుగుదామనుకుని ఉంటారు, ఏమి దగ్గర వచ్చే వీలుంది కాబట్టి అది లెక్కలోకి రాదనుకున్నారు, అలాంటప్పుడు సంధికి వీల్లేనిది ఏది అని అడగాలి గానీ జరగని రూపం అని కాదు. పరీక్ష రాసేవాళ్లు స్క్రీన్ మీద ఉన్నది చదువుతారు, ఆయన మనసులో ఉన్నది కాదు.

మీ ఫ్రెండ్ చెప్పింది కొట్టిపారెయ్యలేం. గైడ్లలో యడాగమ సంధి అనే ఉంటుంది. సూత్రం చూస్తేనేమో మొదలే ‘సంధి లేనిచోట’ అని ఉంది, సంధి లేనిచోట వచ్చేదానికి సంధి అని పేరు పెట్టి పిల్లలకి నేర్పడం నాకైతే ఎప్పుడూ మింగుడుపడలేదు. సరే, ఆ పేరునే పట్టుకుంటే నాలుగు ఆప్షన్లూ సంధులే, బిట్‌కి జవాబే లేదు. వాదన బానే ఉంది కానీ రెండు వాదనలూ ఒకే ఆబ్జెక్షన్‌లో పెట్టారంటే మీ మాటని మీరే నరుక్కున్నట్టు, ఒకచోట యడాగమం సంధి కాదంటారు ఇంకోచోట సంధే అంటారు, చూసేవాళ్లకి తిప్పి కొట్టడానికి అంతకంటే ఏం కావాలి. మొదటిదే పట్టుకోండి. గైడ్ పేజీ జత చెయ్యొద్దు. 1858 నాటి బాలవ్యాకరణంలో సంధి పరిచ్ఛేదం తీసి ఈ ఇత్వ సూత్రం, యడాగమ సూత్రం ఉన్న పేజీలు స్కాన్ చేసి పెట్టండి, ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఏమంటివి–ఏమియంటివి ఉదాహరణ దొరికితే అది ఇంకా బలం. కింద రెండే లైన్లు రాయండి: 3 సరైనదే, 4 కూడా సరైనదే కాబట్టి రెండిటికీ మార్కు ఇవ్వాలి, కుదరకపోతే బిట్ తీసెయ్యాలి. ఈ రెండో కోరికతో 1, 2 పెట్టినవాళ్లు కూడా మీతో సమానమైపోతారు, అందుకే దాన్ని వెనక పెట్టమంటున్నా.

ఫైనల్ కీలో కూడా 3 ఒక్కటే ఉంటే కోర్టుకెళ్లొచ్చా అని మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారు. 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు, తప్పని స్పష్టంగా తేలేదాకా కీ కరెక్టే అనుకోవాలంది, అయినా ఆ కేసులో స్టూడెంట్లే గెలిచారు, ఎందుకంటే పుస్తకాలు వాళ్ల వైపున్నాయి. రెండర్థాలొచ్చే ప్రశ్నని పేపర్లోంచి తీసెయ్యాలని కూడా ఆ తీర్పులోనే ఉంది, మీకు పనికొచ్చే మాట అదే. కానీ 2017 డిసెంబర్‌లో రణ్ విజయ్ సింగ్ కేసు వచ్చింది, అదీ యూపీలో టీచర్ పోస్టుల గొడవే, అందులో డౌట్ ఉంటే ఆ లాభం పరీక్ష పెట్టినవాళ్లకే అని తేల్చేశారు. కాబట్టి బలమంతా ఆబ్జెక్షన్ దగ్గరే చూపించండి, లింక్ కొద్దిరోజులే ఉంటుంది, చివరి రోజు సాయంత్రం దాకా ఆగితే సర్వర్ మిమ్మల్ని చూసి నవ్వుతుంది.

ప్రశ్న: ‘చిగురాకు’ టుగాగమ సంధికి ఉదాహరణ అని మా మెటీరియల్‌లో ఉంది. కరెక్టేనా అండీ?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కాదండీ, టుగాగమం అన్నాక ట కనపడాలి కదా. చిగురు + ఆకు దగ్గర టుగాగమం వస్తే రావచ్చు లేకపోతే లేదు, వస్తే చిగురుటాకు, రాకపోతే మామూలు ఉత్వ సంధితో చిగురాకు. పొదరుటిల్లు, పొదరిల్లు కూడా అంతే. నిలువుటద్దంతో దీన్ని కలపొద్దు, దానిది వేరే సూత్రం, అక్కడ ట రావాల్సిందే, నిలువద్దం అని ఎవరూ అనరు.