మీ ప్రశ్న, మా జవాబు: స్క్రీన్ పసుపెక్కిందా, నీలం తగ్గిందా?

ప్రశ్న: నా ఫోన్‌ది ఓఎల్ఈడీ స్క్రీన్, నాలుగేళ్లుగా వాడుతున్నా. ఈమధ్య తెల్ల పేజీ తెరిస్తే పసుపుగా కనబడుతోంది, కీబోర్డ్ వచ్చే చోట అయితే దాని నీడ అలాగే ఉండిపోయింది. ఈ రంగు మారకుండా ఆపలేరా?

జవాబు: పసుపు పెరగలేదండీ, నీలం తగ్గింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సరిగ్గా కలిస్తేనే తెలుపు, అందులో నీలం నీరసపడితే మిగిలేది పసుపే కదా.

అసలు గొడవంతా నీలంతోనే. ఓఎల్ఈడీ అంటే కరెంట్ ఇస్తే తమంతట తామే వెలిగే సేంద్రియ అణువుల పొరలు. కరెంట్ ఇవ్వగానే ఎలక్ట్రాన్లు ఒకవైపు నుంచి, హోల్స్ (ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీలు) ఇంకోవైపు నుంచి వచ్చి మధ్య పొరలో కలుస్తాయి, అక్కడి అణువుకి ఆ శక్తి అందితే వెలుగొస్తుంది. కానీ ఇలా కలిసిన ప్రతి నాలుగు జంటల్లో ఒకటే సింగ్లెట్, అంటే తేలిగ్గా వెలుగు వదిలే స్థితి, మిగతా మూడు ట్రిప్లెట్లు, అంటే అంత తేలిగ్గా వదలని స్థితి. మామూలు ఫ్లోరసెంట్ పదార్థం సింగ్లెట్‌నే వెలిగిస్తుంది, మిగతా 75 శాతం చాలావరకు వేడిగా పోతుంది. 1998లో ప్లాటినం, ఆ వెంటనే ఇరిడియం ఉన్న అణువులతో ట్రిప్లెట్లని కూడా వెలిగించారు, ఎరుపు, ఆకుపచ్చ ఒడ్డున పడ్డాయి. నీలం పడలేదు! దాని శక్తే ఎక్కువ, పైగా ట్రిప్లెట్లు ఎక్కువసేపు ఉండి ఒకదాన్నొకటి గుద్దుకుంటే శక్తి రెట్టింపై అణువులో బంధమే తెగిపోతుంది. అందుకే నీలానికి చాలాకాలం పాత ఫ్లోరసెంటే దిక్కయింది, దానికి వెలుగు తక్కువ కాబట్టి కరెంట్ ఎక్కువ తోయాలి, తోసేకొద్దీ ఇంకా తొందరగా అరుగుతుంది. ఎఫిషియెన్సీ, రంగు నిలకడ రెండూ ఒకే ముడి అన్నమాట.

ముడి విప్పే పని చాలా వైపుల నుంచి జరుగుతోంది. 2012లో జపాన్‌లో అడాచి అనే శాస్త్రవేత్త బృందం ఖరీదైన లోహాలు లేకుండానే ట్రిప్లెట్లని సింగ్లెట్లుగా మార్చి వెలిగించింది, ఇంకొందరు అణువుల్లో హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి బంధాలని గట్టిపరుస్తున్నారు. నాకు బాగా నచ్చింది మాత్రం టాండెమ్. వెలుగిచ్చే పొరలు రెండు ఒకదానిమీద ఒకటి పేరిస్తే అదే వెలుగుకి ఒక్కోదాని మీద దాదాపు సగం కరెంటే పడుతుంది, వోల్టేజ్ పెరుగుతుందనుకోండి, కానీ ఆయుష్షు బాగా పెరుగుతుంది.

అన్నట్టు, ఫోన్‌ని పక్కకి వాల్చి చూసినప్పుడే రంగు మారితే అది అరుగుదల కాదు, పొరల మధ్య వెలుగు ప్రతిఫలించే తీరు అంతే.

మీ ఫోన్‌లో కలర్ సెట్టింగ్ ఉంటే ఎరుపు, ఆకుపచ్చ కాస్త తగ్గించి చూడండి, నీలం మాత్రం పెంచకండి, అసలే అలిసిపోయి ఉంది.