పెడల్ మీద కాలు జాగ్రత్త

పాపా,

లోహపు పలకల వైబ్రాఫోన్ మీద జాజ్ నేర్చుకోడానికి మద్రాసు పోతాండావని మీ అమ్మ ఏడుపూ నవ్వూ కలిపి ఫోన్లో చెప్పింది. నాకు గర్వంగానే ఉండాది. దడగా కూడా ఉండాది, ఆ సంగతి కింద రాస్తా.

పలకలు కొట్టే పుల్లలు, ఆ మ్యాలెట్లు మణికట్టుతో ఆడించు, భుజంతో కాదు. లయ కొట్టే మెట్రోనోమ్ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద పడేట్టు పెట్టుకో. మిల్ట్ జాక్సన్ రెండు మ్యాలెట్లతో, గ్యారీ బర్టన్ నాలుగింటితో ఎట్ల వాయించినారో విను. ఇవన్నీ నీకు తెలిసినవే.

స్కేళ్ళూ నీకు కొత్త కాదు. తిరుపతి మ్యూజిక్ కాలేజీలో వీణ నేర్చినదానివి, గ్రహభేదం తెలుసు. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఖరహరప్రియ, పంచమాన్ని చేసుకుంటే హరికాంభోజి. జాజ్‌వాళ్ళు డోరియన్, మిక్సోలిడియన్ అనేవి ఆ స్వరాలే. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ అనే కార్డ్‌లు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, వరసగా వస్తే మూడింటి మీదా వాయించేది అవే ఏడు స్వరాలు. అట్లని ఖరహరప్రియ ఆలాపన ఎత్తుకున్నావో, నువ్వు రిషభం దాటేలోపల కార్డ్ మారిపోతుంది.

ఇంగ నా దడ సంగతి. మీ చిన్నమామ ఒకప్పుడు వైబ్రాఫోన్ వాయించినాడని నీకెవరూ చెప్పి ఉండరు. ఒక రిసెప్షన్‌లో వాడికి సోలో ఇచ్చినారు. ఒక్క స్వరం తప్పు కొట్టలేదు, పక్కనే బేస్ పట్టుకోనుండా కాబట్టి నాకు తెలుసు. కాలు మాత్రం పెడల్ మీదనుంచి ఎత్తలేదు, ఎత్తితేనే కదా మోత ఆగేది. జి సెవెన్‌లో కొట్టిన ఎఫ్ అట్లే మోగతా ఉంటే సి మేజర్ సెవెన్ వచ్చేసింది. ఆ కార్డ్‌లోని ఇ కి అరస్వరం పైన ఎఫ్ నిలబడి చెవిని గీరింది. మరింబా అయితే చెక్క, మోత దానంతటదే అణిగిపోయేది. ఇది అల్యూమినియం. బ్యాండ్ నడిపే ఆయన మైకులోనే, "స్వరాలు నేర్చుకోనిరా నాయనా" అన్నాడు. జనం నవ్వినారు. వీడు ఆ మాట నమ్మినాడు! స్కేళ్ళే రాలేదనుకుని రోజూ ఇంకా వేగంగా ఎక్కీ దిగీ సాధన చేసినాడు. వేగం పెరిగేకొద్దీ మోతమీద మోత. ఆఖరికి మ్యాలెట్లు పక్కన పడేసి అంగట్లో కూర్చున్నాడు. అంత మంచి చెయ్యి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు, నీకు తప్ప.

అందుకే వేగం అప్పుడే వద్దు. ప్రతి కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం మాత్రం పట్టుకో. డి మైనర్ సెవెన్‌లో ఎఫ్, సి. జి సెవెన్ రాగానే ఎఫ్ కదలదు, సి దిగి బి అవుతుంది. సి మేజర్ సెవెన్‌కి బి కదలదు, ఎఫ్ దిగి ఇ అవుతుంది. ఒక చేత్తో ఆ ఇ కొట్టే క్షణంలోనే రెండో చేతి మ్యాలెట్‌ని ఎఫ్ పలక మీద ఆనించి అదుము. పెడల్ ఎత్తకుండానే ఎఫ్ ఒక్కటే ఆగుతుంది, బి మోగతానే ఉంటుంది. డ్యాంపెనింగ్ అంటారు దీన్ని. ఇది చేతికి వచ్చినాక సి మేజర్ సెవెన్ మీద ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్ పెట్టి చూడు, అంటే మన కల్యాణి. ఆ ప్రతిమధ్యమం మీద కావాలంటే నిలబడొచ్చు. శుద్ధమధ్యమాన్ని, అంటే ఆ ఎఫ్‌ని, మాత్రం తాకి దాటిపో.

నలుగురిలో ఎవరన్నా తప్పంటే, ఏ స్వరం, ఏ కార్డ్ మీద అని అడుగు. తల వంచుకోని వచ్చేస్తే ఊరుకోను.

వాయిద్యం అప్పుడే కొనమాక, బరువూ ఖరీదూ రెండూ ఎక్కువే. యాడన్నా గంటల లెక్కన అద్దెకిస్తారేమో విచారించు. డబ్బు నేను పంపుతా. మీ అమ్మకు చెప్పొద్దు.

మీ పెద్దమామ