శీలావతి చేప పిల్లల నడుము ఎందుకు వంగింది?

ప్రశ్న: అర ఎకరం నర్సరీ చెరువులో శీలావతి, బొచ్చె చేప పిల్లలు పెంచుతున్నాను. నలభై రోజులుగా నీళ్లు పచ్చబడలేదు. తవుడు, వేరుశనగ చెక్క మీదే నడుపుతున్నాను. వందకు ఐదారు పిల్లలకు నడుము వంకర తిరిగింది, రెక్కల మొదట్లో ఎర్రమచ్చలు కూడా ఉన్నాయి. కాల్షియం వెయ్యమంటున్నారు. వెయ్యాలా?
– ఒక రైతు, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కాల్షియం కొనకండి, కాస్త ఆగండి. ఎముకలో ఖనిజం పేరుకోవాలంటే ముందు దానికి ఒక అల్లిక ఉండాలి. ఆ అల్లికే కొల్లాజెన్. చర్మానికీ, మొప్పమూతకూ, రక్తనాళాల గోడలకూ అదే ఆధారం. మీరు చెప్పిన ఎర్రమచ్చలే నన్ను అటువైపు ఆలోచింపజేశాయి. కాల్షియం లోటైతే రెక్కల మొదట్లో రక్తం చిమ్మాల్సిన పని లేదు.

కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడు లాంటిది. ప్రోలైల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము ఆ పోగుల్లోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) తగిలిస్తేనే పేనిక విడిపోకుండా నిలుస్తుంది. ఎంజైము లోపల ఇనుము ఉంటుంది. ఆ ఇనుమును పనిచేసే స్థితిలో నిలబెట్టేది విటమిన్ సి. అది అందకపోతే తాడు నీరసపడుతుంది. వేగంగా పెరిగే పిల్లల్లో ముందుగా వెన్ను వంగుతుంది, గాయాలు మానవు. మనుషుల్లో చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు కూడా ఇదే. మీ ఇంటి గేదె విటమిన్ సి తన కాలేయంలోనే తయారుచేసుకుంటుంది. శీలావతికి, బొచ్చెకు ఆ శక్తి లేదు, మేతలో రావాలి. తవుడులోనూ చెక్కలోనూ అది లేనట్టే. చెరువు పచ్చగా ఉంటే ప్లవకాల (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల) నుంచి ఎంతో కొంత దొరికేది. మీ నీళ్లు పచ్చబడకపోవడమే ఇక్కడ అసలు దెబ్బ.

మామూలు విటమిన్ సి పొడి నీళ్లలో కలిసిన కాసేపటికే పాడవుతుంది. ఫాస్ఫేట్ రూపంలో ఉన్న, 35 శాతం బలం గలది అడిగి తీసుకోండి. పది కిలోల మేతకు 3 గ్రాములు చాలు. చల్లారిన గంజితోనో బైండర్‌తోనో (మేతకు మందును అంటించే జిగురుతోనో) కలిపి గట్టి ముద్దలు చేసి పళ్లేల్లో పెట్టండి. చిల్లుల సంచిలో పొడిగా వేలాడదీస్తే మందంతా నీళ్లపాలే. ఏ పూటకాపూటే కలపండి. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లను పచ్చబరచండి; తెల్లవారుజామున పిల్లలు పైకి తేలుతుంటే మాత్రం పేడ ఆపేయండి.

ఇప్పటికే వంగిన నడుములు తిరిగి నిటారు కావు. వాటిని వేరు చేసేయండి. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పండి: చేపలకు పట్టే పేనుకు పురుగుమందు ఏమైనా కొట్టారా? ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందుల మోతాదు ఎక్కువైనా వెన్ను ఇలాగే వంగుతుంది. కొట్టి ఉంటే మందు డబ్బా, గుప్పెడు మేత తీసుకురండి; ప్రాణంతో ఉన్న నాలుగు పిల్లలను ఆక్సిజన్ సంచిలో పెట్టి తీసుకురండి.