అలల నుంచి కరెంటు తీసే యంత్రం మీద పరిశోధనకు దిగుతున్న శిష్యురాలికి

అమ్మా,

నీ ప్రపోజల్ చదివాను. సామర్థ్యం ఎంత శాతం పెంచగలవో పేజీలకు పేజీలు రాశావు గానీ, తుఫానొస్తే ఆ యంత్రం గతేమిటో ఒక్క ముక్క లేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఒక లెక్క వేసి చూడు. లోతు నీటిలో సిగ్నిఫికెంట్ వేవ్ హైట్‌ను (అలల్లో ఎత్తైన మూడో వంతు వాటి సగటు ఎత్తు, మీటర్లలో) వర్గం చేసి, ఎనర్జీ పీరియడ్‌తో (శక్తిని బట్టి లెక్కగట్టే అలల సగటు కాలం, సెకన్లలో) గుణించి, సగం చెయ్యి. మీటరు వెడల్పుకు ఎన్ని కిలోవాట్లో సుమారుగా వచ్చేస్తుంది. 2 మీటర్లు, 8 సెకన్లయితే 16. తుఫానులో 8 మీటర్లు, 12 సెకన్లయితే 384, అంటే 24 రెట్లు. కరెంటు అమ్ముకునేది ఆ 16 మీద. ఉక్కు, గొలుసులు, యాంకర్లు కొనాల్సింది 384 కోసం. ఈ రంగాన్ని ఇన్నేళ్లుగా ఏడిపిస్తున్నది ఈ తేడానే.

ఎడిన్‌బరోలో స్టీఫెన్ సాల్టర్ 1974లో తన 'డక్' గురించి, అంటే అలకు తల ఊపుతూ శక్తి పట్టే యంత్రం గురించి, ప్రకటించాడు. ల్యాబ్‌లోని అలల ట్యాంకులో దాని చిన్న మోడల్ అల శక్తిని దాదాపు 90 శాతం పట్టేసింది. అంత అందమైన యంత్రం పూర్తి సైజులో సముద్రం మొహమే చూడలేదు. 1982లో బ్రిటన్ ప్రభుత్వం ఆ కార్యక్రమానికి డబ్బు తగ్గించేసింది. నీకూ ఏదో ఒకరోజు అలాగే గ్రాంటు ఆగుతుంది. అందుకే మూరింగ్‌లో (యంత్రాన్ని గొలుసులు, యాంకర్లతో సముద్రం అడుగుకు కట్టిపెట్టే పనిలో) గానీ, తుప్పు నివారణలో గానీ చెయ్యి తిరిగేలా పని నేర్చుకో. ఓడరేవులకూ ఆఫ్‌షోర్ గాలిమరలకూ ఆ పని తెలిసినవాళ్లు ఎప్పుడూ కావాలి.

ట్యాంకు ఫలితాలను చూసి మురిసిపోకు. 1:25 మోడల్‌లో శక్తి స్కేలు 25కి 3.5వ ఘాతం, అంటే దాదాపు 78 వేల రెట్లు. బేరింగ్ రాపిడిలో పోయే ఒక్క వాటు అసలు సైజులో 78 కిలోవాట్లుగా కనిపిస్తుంది. కాబట్టి నీళ్లలో దింపకముందే రాపిడి కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకో. నీది ఆసిలేటింగ్ వాటర్ కాలమ్, అంటే గదిలో నీరు పైకీ కిందికీ ఊగుతూ గాలిని టర్బైన్ గుండా తోసే రకం కాబట్టి ఇంకో తిరకాసు ఉంది. గాలి నొక్కుకుపోయే గుణం మోడల్‌తోపాటు చిన్నదవదు. చిన్న గదిలో గాలి బిగుసుకున్నట్టే ప్రవర్తిస్తుంది. గదికి లావుపాటి పైపుతో ఓ ఖాళీ డ్రమ్ము కలిపి గాలి పరిమాణం పెంచాలి. డ్రమ్ము చూసి ల్యాబ్‌లో నవ్వుతారు, నవ్వనీ.

చోటు ఎంచుకునేటప్పుడు నీ రకం యంత్రాలే పెట్టిన విళింజం, ముత్రికు రెండూ పక్కపక్కన పెట్టి చదువు. మన కేరళలోని విళింజం దగ్గర ఐఐటీ మద్రాసు వాళ్లు 1991లో పెట్టిన 150 కిలోవాట్ల కేంద్రం ప్రయోగంగానే మిగిలింది. స్పెయిన్‌లోని ముత్రికులో 2011లో 16 టర్బైన్లను రేవు అలనిరోధక గోడలోనే అమర్చారు. మొత్తం 296 కిలోవాట్లే, అంకె చిన్నదే. కానీ గోడ రేవుకు ఎలాగూ కావాలి, రిపేరుకు మనిషి నడిచి వెళ్లగలడు. నన్నడిగితే అదే తెలివైన దారి. నడిసముద్రంలో పెడితే చిన్న వాల్వు మార్చాలన్నా పడవ, డైవరు, ప్రశాంతమైన వాతావరణం, మూడూ ఒకే రోజు కలిసిరావాలి.

ప్రపోజల్ తిరగరాసి పంపేటప్పుడు మూరింగ్ డ్రాయింగూ, ఒక గొలుసు తెగితే మిగతావాటి మీద ఎంత బరువు పడుతుందో ఆ లెక్కా జతచెయ్యి. సామర్థ్యం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు